వేలికొసలతో ఏడు ఖండాలు

మీ తరగతి గోడకు వేలాడే ప్రపంచపటం ముందు ఒకసారి నిలబడండి. పైన, ఎడమవైపున, గ్రీన్‌లాండ్ అనే దీవి కనిపిస్తుంది. కుడివైపున, కాస్త కిందగా, మన భారతదేశం ఉంటుంది. ఈ రెండింటిలో ఏది పెద్దది?

ఎనిమిదో తరగతిలో ఈ ప్రశ్న వేసిన ప్రతిసారీ ఎక్కువ చేతులు గ్రీన్‌లాండ్ వైపే లేస్తాయి. పటాన్ని చూసి చెప్పినవారిని తప్పుపట్టలేం. చాలా గోడపటాలలోనూ, ఫోనులలో వచ్చే పటాలలో అనేకంలోనూ గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. కాని నిజం వేరు. గ్రీన్‌లాండ్ వైశాల్యం సుమారు 21 లక్షల 70 వేల చదరపు కిలోమీటర్లు. భారతదేశం వైశాల్యం సుమారు 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశమే ఒకటిన్నర రెట్లు పెద్దది! ఇక ఆఫ్రికా సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో గ్రీన్‌లాండ్‌లు పద్నాలుగు పడతాయి.

మరి కంటికి కనిపించినది తప్పెలా అయింది? గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీద మాత్రమే చూడటం వల్ల. ఈ తికమక రాకుండా ఉండాలంటే ఖండాలను మొదట చేత్తో తడిమి, కత్తిరించి, అమర్చి తెలుసుకోవాలి. పటాలు ఆ తరువాత చూడాలి. అయిదారేళ్ళ పిల్లలకు ఖండాలను ఇలాగే నేర్పవచ్చునని చేసి చూపించిన విద్యావేత్త మరియా మాంటిస్సోరి. ఆమె పద్ధతిలోని పరికరాలను కొన్నింటిని మనం ఇంట్లోనే తయారు చేద్దాం. మీ తమ్ముడికో, చెల్లెలికో, మీ ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లలకో వాటితో ఖండాలు నేర్పండి. నేర్పేటప్పుడు మీరు వారికంటె ఎక్కువే నేర్చుకుంటారు!

ఎవరీ మాంటిస్సోరి?

మరియా మాంటిస్సోరి 1870లో ఇటలీలో పుట్టింది. ఆ రోజుల్లో ఆడపిల్లలు వైద్యం చదవడం చాలా అరుదు. అయినా పట్టుబట్టి చదివి 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందింది. 1907 జనవరి 6న రోము నగరంలో శాన్ లోరెంజో అనే పేదలవాడలో, కూలిపనులకు వెళ్ళే తల్లిదండ్రుల పిల్లలకోసం 'బాలల గృహం' తెరిచింది. చిన్నపిల్లలు చెవులతో విన్నదానికంటె చేతులతో చేసినదాన్ని బాగా గ్రహిస్తారని ఆమె అక్కడ గమనించింది. అందుకు తగిన వస్తువులను రూపొందించింది.

ఆమెకు మన దేశంతో కూడా అనుబంధం ఉంది. దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై 1939లో మద్రాసు దగ్గరి అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ బ్రిటనుకు శత్రుదేశమైంది. ఇటలీ పౌరురాలు కావడంతో ఆమె యుద్ధకాలమంతా ఇక్కడే ఉండిపోవలసివచ్చింది. అడయారులోను, కొడైకెనాల్‌లోను పనిచేసి 1946లో యూరపుకు తిరిగి వెళ్ళింది. 1952లో మరణించింది.

ఇక పని మొదలుపెడదాం.

మొదటి పని: గరుకు గ్లోబు

కావలసినవి: చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు ఉండే బంతి, నీలం రంగు, జిగురు, జల్లించిన సన్నని ఇసుక, దారం, పెన్సిలు. అంత పెద్ద బంతి దొరక్కపోతే బుడగను ఊది, దానిమీద పాత వార్తాపత్రిక ముక్కలను మైదాపిండి జిగురుతో ఆరేడు పొరలు అంటించి ఎండబెట్టండి. గట్టి బంతి తయారవుతుంది.

80 సెంటీమీటర్లే ఎందుకు? భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కనుక మన బంతి మీద 1 సెంటీమీటరు అంటే భూమి మీద 500 కిలోమీటర్లు. ఈ కొలత గుర్తుంచుకోండి. ముందుముందు పనికొస్తుంది.

బంతిమీద ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టండి. అవి ధ్రువాలు. రెండింటికీ సరిగ్గా మధ్యగా దారం చుట్టి గీత గీయండి. అది భూమధ్యరేఖ. దాన్ని పన్నెండు సమభాగాలు చేయండి. ఒక్కొక్క భాగం 6.7 సెంటీమీటర్లు వస్తుంది. ప్రతి గుర్తు నుంచి రెండు ధ్రువాలకూ గీతలు గీస్తే 30 డిగ్రీల చొప్పున రేఖాంశాలు వస్తాయి. భూమధ్యరేఖకు పైన ఒకటి, కింద ఒకటి 6.7 సెంటీమీటర్ల దూరంలో చుట్టూ గీస్తే అవి 30 డిగ్రీల అక్షాంశాలు. మరో 6.7 సెంటీమీటర్లు జరిగితే 60 డిగ్రీల అక్షాంశాలు. ఇప్పుడు బడిలోని గ్లోబును చూస్తూ, ఏ గడిలో ఏ తీరం ఉందో గమనిస్తూ ఖండాల ఆకారాలు దించండి. చిన్న చిన్న దీవులను వదిలేసినా ఫరవాలేదు.

సముద్రమంతా నీలంరంగు నున్నగా పూయండి. ఆరిన తరువాత ఖండాలమీద మాత్రం జిగురు రాసి ఇసుక చల్లండి. ఎండిపోయాక మిగులు ఇసుక దులిపేయండి. వడ్రంగులు చెక్కను నున్నగా రుద్దే గరుకు కాగితాన్ని ఖండాల ఆకారంలో కత్తిరించి అంటించినా సరే. అంతే, గరుకు గ్లోబు తయారైంది. ఇందులో పేర్లు లేవు, దేశాలు లేవు, రంగురంగుల సరిహద్దులు లేవు. గరుకుగా ఉంటే నేల, నున్నగా ఉంటే నీరు.

చిన్నవాళ్ళను కళ్ళు మూసుకుని చేతులతో బంతిని తడమమనండి. "నేల ఎక్కువుందా, నీళ్ళు ఎక్కువున్నాయా?" అని అడగండి. భూమిపై నూటికి 71 పాళ్ళు నీరు, 29 పాళ్ళు నేల అని మీరు పుస్తకంలో చదివారు. ఆ సంగతి వారికి వేళ్ళే చెబుతాయి.

ఇప్పుడు మీరూ కళ్ళు మూసుకోండి. మీకోసం నాలుగు వేలి ప్రయాణాలు.

ఒకటి: విశాఖపట్నం దగ్గర వేలు పెట్టి, రేఖాంశం వెంబడి తిన్నగా దక్షిణానికి జరపండి. ఎక్కడా గరుకు తగలదు. శ్రీలంక కూడా పడమరగా తప్పుకుంటుంది. దాదాపు 19 సెంటీమీటర్లు నున్నగా జారి, వేలు చివరికి అంటార్కిటికా మీదనే ఆగుతుంది. విశాఖ తీరంలో నిలబడి తిన్నగా దక్షిణంవైపు చూస్తే మీకూ అంటార్కిటికాకూ మధ్య సుమారు 9,400 కిలోమీటర్ల సముద్రం తప్ప మరేమీ లేదన్నమాట!

రెండు: రెండు ధ్రువాలనూ ముట్టుకోండి. పటంలో రెండూ తెల్లగానే కనిపిస్తాయి. కాని ఇక్కడ దక్షిణధ్రువం గరుకు, ఉత్తరధ్రువం నున్న. దక్షిణాన ఉన్నది ఖండం. దానిమీద సగటున దాదాపు రెండు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉంది. ఉత్తరాన నేలే లేదు. అక్కడి మంచు సముద్రంమీద తేలే పెంకు మాత్రమే. దాని కింద 4 వేల మీటర్లకు పైగా లోతున్న నీరుంది.

మూడు: యూరపు పడమటి కొసనున్న పోర్చుగల్ నుంచి బయలుదేరి తూర్పుగా ఆసియాలోకి రండి. మధ్యలో నున్నగా ఎక్కడైనా తగిలిందా? తగలదు. మరి ఇవి రెండు ఖండాలెలా అయ్యాయి? ఉరల్ పర్వతాల మీదుగా మనుషులు గీసుకున్న ఊహారేఖే వీటి హద్దు. అందుకే రష్యాలో భూగోళం చదివేవారు రెంటినీ కలిపి యురేషియా అనే ఒకే ఖండంగా లెక్కపెడతారు. లాటిన్ అమెరికా దేశాలలో అనేకచోట్ల రెండు అమెరికాలనూ కలిపి ఒకటిగా చెబుతారు. ఖండాలు ఏడు అనే లెక్క మనం ఒప్పుకున్న ఏర్పాటు. నేల మాత్రం ఉన్నచోటే ఉంది.

నాలుగు: హిమాలయాలున్న చోట వేలు పెట్టండి. ఇసుకరేణువు గుచ్చుకుంటుంది. ఎవరెస్టు ఎత్తు సుమారు 8.85 కిలోమీటర్లు. మన బంతి కొలతలో అది ఎంతో లెక్కకట్టండి. 0.18 మిల్లీమీటర్లు! అంటే రెండు కాగితాల మందం కూడా సరిగా లేదు. మనం అంటించిన ఇసుక చాలాచోట్ల అంతకంటె ఎత్తే. కాబట్టి ఈ గరుకు కేవలం వేలికి నేలను గుర్తు చెప్పడానికే గాని, కొండల ఎత్తు చూపడానికి కాదు. నిజానికి భూమి ఎంత నునుపైన బంతో ఈ లెక్కవల్ల తెలుస్తుంది.

రెండవ పని: రంగుల గ్లోబు, మూడు మెట్ల పాఠం

నేల, నీరు తెలిశాక పేర్లు చెప్పాలి. దీనికి మరో బంతి తీసుకుని ఒక్కొక్క ఖండానికి ఒక్కొక్క రంగు వేయండి. మాంటిస్సోరి బడులలో సాధారణంగా వాడే రంగులు ఇవి: ఆసియాకు పసుపు, ఆఫ్రికాకు ఆకుపచ్చ, యూరపుకు ఎరుపు, ఉత్తర అమెరికాకు నారింజ, దక్షిణ అమెరికాకు గులాబి, ఆస్ట్రేలియాకు గోధుమరంగు, అంటార్కిటికాకు తెలుపు. తరువాత చేసే అట్టముక్కలకు కూడా ఇవే రంగులు వేయాలి. అప్పుడే పిల్లవాడు బంతిమీది పసుపునూ కాగితం మీది పసుపునూ పోల్చుకుంటాడు.

ఏడు పేర్లూ ఒక్కసారిగా అప్పజెప్పించకండి. రోజుకు రెండో మూడో చాలు. ఫ్రెంచి వైద్యుడు సెగాన్ నుంచి మాంటిస్సోరి స్వీకరించిన మూడు మెట్ల పద్ధతి ఇలా ఉంటుంది:

మొదటి మెట్టు: "ఇది ఆసియా. ఇది ఆఫ్రికా." మీరు పేరు చెబుతారు, పిల్లవాడు చేత్తో తడుముతాడు.

రెండవ మెట్టు: "ఆసియా ఏదీ, చూపించు. ఆఫ్రికా మీద చెయ్యి పెట్టు." పేరు మీరే చెబుతున్నారు, వాడు గుర్తుపడితే చాలు. ఎక్కువసేపు ఈ మెట్టుమీదే ఆడించాలి.

మూడవ మెట్టు: "ఇదేమిటి?" ఇప్పుడు పేరు వాడే చెప్పాలి.

మూడో మెట్టులో తడబడితే గదమాయించకండి. "పోనీలే, మళ్ళీ చూద్దాం" అని మొదటి మెట్టుకు వెళ్ళండి. గుర్తుపట్టడం తేలిక, గుర్తుచేసుకుని చెప్పడం కష్టం. మన పరీక్షలలో చాలాసార్లు మూడో మెట్టు ప్రశ్నలే వేస్తారు కదా, అందుకే రెండో మెట్టు విలువ మీకే బాగా తెలుస్తుంది!

మూడవ పని: పళ్ళెంలో నేల, నీరు

ఖండాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? ఇది తెలియాలంటే ఆరు పాత పళ్ళేలు, బంకమట్టి, నీలిమందు కలిపిన నీరు ఉంటే చాలు. పళ్ళేలను జతలుగా పెట్టుకోండి.

మొదటి జత: ఒక పళ్ళెం నిండా మట్టి పరిచి, మధ్యలో గుండ్రంగా కోసి ఆ ముద్దను తీయండి. తీసిన ముద్దను రెండో పళ్ళెం మధ్యలో పెట్టండి. రెండింటిలో నీరు పోయండి. మొదటిది సరస్సు, రెండవది ద్వీపం. ఒకదానిలో నేల ఉన్నచోట రెండవదానిలో నీరు.

రెండవ జత: ఇదే విధంగా ఒక పక్క అంచునుంచి నాలుకలాంటి ముక్కను కోసి తీసి, రెండో పళ్ళెంలో అంచుకు ఆనించి పెట్టండి. నీరు మూడుపక్కలా ఉన్న నేల ద్వీపకల్పం, నేల మూడుపక్కలా ఉన్న నీరు సింధుశాఖ. మనం నివసించే దక్కను ప్రాంతం ద్వీపకల్పమే.

మూడవ జత: పళ్ళెం మధ్యగా ఈ అంచునుంచి ఆ అంచుకు సన్నని పట్టీలా మట్టి కోసి తీస్తే, రెండు నేలల మధ్య సన్నని నీటిదారి ఏర్పడుతుంది. అది జలసంధి. అంచుల దగ్గర రెండు ముద్దలు పెట్టి, ఆ పట్టీతో వాటిని కలిపితే రెండు నీళ్ళ మధ్య సన్నని నేలదారి. అది భూసంధి.

ఈ మూడవ జతలోనే ఖండాల కథ చాలావరకు ఉంది. ఆసియా, ఆఫ్రికాలను సూయెజ్ భూసంధి కలుపుతోంది. రెండు అమెరికాలను పనామా భూసంధి కలుపుతోంది. ఓడలు ఖండాలను చుట్టిపోనక్కరలేకుండా మనుషులు ఈ రెంటినీ తవ్వి కాలువలు తీశారు. సూయెజ్ కాలువ 1869లో, పనామా కాలువ 1914లో ప్రారంభమయ్యాయి. పనామా కాలువ పొడవు సుమారు 80 కిలోమీటర్లు. మన బంతిమీద అది ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే!

ఆసియాకూ ఉత్తర అమెరికాకూ మధ్య బేరింగ్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు సుమారు 85 కిలోమీటర్లు. ఇప్పుడు జలసంధి పళ్ళెంలో నీటిదారి అడుగున పలుచగా మట్టి మెత్తండి. నీరు దానిపైన కొద్దిగా నిలవాలి. తరువాత చెంచాతో కొంచెం కొంచెంగా నీరు తీసేయండి. ఒకచోట అడుగు బయటపడి రెండు నేలలూ కలుస్తాయి. సుమారు 20 వేల సంవత్సరాల కిందట, భూమిమీది నీటిలో కొంతభాగం మంచుగా గడ్డకట్టినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికంటె 120 మీటర్లదాకా తక్కువగా ఉండేది. బేరింగ్ జలసంధి అప్పుడు ఎండిన నేల. మనుషులూ జంతువులూ ఆసియానుంచి అమెరికాకు ఆ దారిన వెళ్ళారు. చెంచాడు నీరు తీస్తే జలసంధి భూసంధి అయింది, చూశారా!

నాలుగవ పని: బత్తాయి తొక్క పాఠం

ఇప్పుడు బంతినుంచి కాగితానికి వద్దాం. మొదట చెప్పుకున్న గ్రీన్‌లాండ్ చిక్కుముడి ఇక్కడే విడుతుంది.

ఒక బత్తాయి లేదా కమలాపండు మీద పెన్నుతో ఖండాల ఆకారాలు స్థూలంగా గీయండి. తొక్కను సాధ్యమైనంతవరకు ఒకే ముక్కగా ఒలవండి. దాన్ని బల్లమీద పరచి అరచేత్తో అదమండి. ఏమయింది? అంచులు చిరిగిపోయాయి. చిరగకుండా పరచాలంటే కొన్నిచోట్ల సాగదీయాలి. తొక్క సాగదు, రబ్బరయితే సాగుతుంది. చిరగకుండా, సాగకుండా గోళాన్ని బల్లపరుపుగా పరచడం అసాధ్యమని 1827లో జర్మన్ గణితవేత్త గౌస్ నిరూపించాడు. కాబట్టి ఏ ప్రపంచపటమైనా ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు.

మన గోడపటం ఎక్కడ రాజీ పడింది? దారంతో కనిపెడదాం. బంతిమీద భూమధ్యరేఖ వెంబడి దారం చుట్టి కొలవండి: 80 సెంటీమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం వెంబడి చుట్టి కొలవండి: 40 సెంటీమీటర్లే! పదో తరగతి వారికి కారణం తెలుసు. 60 డిగ్రీల కొసైన్ విలువ సగం కదా! ఇప్పుడు గోడపటం మీద ఆ రెండు గీతలనే కొలవండి. రెండూ సమానంగా ఉన్నాయా? అలా ఉంటే, 60 డిగ్రీల దగ్గర భూమిని తూర్పుపడమరలుగా రెట్టింపు సాగదీశారన్నమాట.

1569లో జెరార్డస్ మెర్కేటర్ అనే పటనిర్మాత ఈ పద్ధతిలో ప్రసిద్ధమైన పటం తయారు చేశాడు. తూర్పుపడమరలుగా ఎంత సాగిందో ఉత్తరదక్షిణాలుగా కూడా అంతే సాగదీశాడు. దానివల్ల దిక్కులు, కోణాలు సరిగా వస్తాయి. దిక్సూచిని పట్టుకుని ఒకే దిక్కుగా పోయే ఓడదారి ఈ పటంమీద సరళరేఖగా వస్తుంది. నావికులకు అంతకంటె కావలసిందేముంది? ఆ పనికి అది గొప్ప పటం. కాని 60 డిగ్రీల దగ్గర పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు అయితే వైశాల్యం నాలుగింతలు అవుతుంది. 75 డిగ్రీల దగ్గర దాదాపు పదిహేను రెట్లు! గ్రీన్‌లాండ్ దాదాపు 60 డిగ్రీలనుంచి 83 డిగ్రీలదాకా వ్యాపించి ఉంది. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న ఆఫ్రికా, అక్కడికి కొంచెం పైనున్న భారతదేశం పెద్దగా సాగవు. సాగినవాటి పక్కన సాగనివి చిన్నబోతాయి.

ఇది పిల్లల పటంలో చిన్న పొరపాటే కదా అని వదిలేయడానికి వీల్లేదు. ఏ నేల ఎంత అన్నది మనసులో చిన్నప్పుడే ముద్రపడుతుంది. యాభైకి పైగా దేశాలున్న ఆఫ్రికా ఖండాన్ని ఒక దీవి అంతగా చూడటం అలవాటైతే, ఆ ప్రజలూ, వారి అడవులూ, ఎడారులూ కూడా మన ఊహలో కుంచించుకుపోతాయి. వైశాల్యాలను సరిగా చూపే పటాలు వేరే ఉన్నాయి. 2018లో రూపొందిన 'ఈక్వల్ ఎర్త్' పటం అలాంటిది. మెర్కేటర్ పటానికి బదులు ఇలాంటి పటాలు వాడాలన్న ఉద్యమానికి 2025 ఆగస్టులో ఆఫ్రికా దేశాల సమాఖ్య మద్దతు తెలిపింది. అయితే ఈ పటాలలో కొన్ని ఆకారాలు వంగుతాయి. గౌస్ చెప్పిన రాజీ వీటికీ తప్పదు.

అయిదవ పని: చింతపిక్కల లెక్క

ఒక చింతపిక్క అంటే 10 లక్షల చదరపు కిలోమీటర్లు అనుకుందాం. ఏడు ఖండాలకు వచ్చే పిక్కలు సుమారుగా ఇవి:

ఆసియా: 45
ఆఫ్రికా: 30
ఉత్తర అమెరికా: 25
దక్షిణ అమెరికా: 18
అంటార్కిటికా: 14
యూరపు: 10
ఆస్ట్రేలియా: 8

మొత్తం 150 పిక్కలు. అట్టమీద ఏడు గళ్ళు గీసి, రంగుల ప్రకారం ఖండాల పేర్లు రాసి, చిన్నవాళ్ళచేత పిక్కలు పేర్పించండి. లెక్కపెట్టడమూ వస్తుంది, ఖండాల తారతమ్యమూ తెలుస్తుంది. ఇక సముద్రాలకు ఎన్ని కావాలి? 360! అందుకు మీ ఇంట్లో ఉన్న పిక్కలు చాలకపోవచ్చు. ఇరుగుపొరుగు ఇళ్ళకు పరుగెత్తేటప్పుడే సముద్రం ఎంత పెద్దదో పిల్లలకు అర్థమవుతుంది.

ఇందులో భారతదేశానికి మూడు పిక్కలూ, ఇంకొక పిక్కలో నాలుగోవంతుకు కాస్త ఎక్కువా వస్తాయి. గ్రీన్‌లాండ్‌కు రెండూ, మరికొంచెం.

నేను చెప్పానని నమ్మకండి. మీరే తేల్చండి. బడిలోని గ్లోబు మీద పలుచని కాగితం వేసి భారతదేశాన్ని, గ్రీన్‌లాండ్‌ను దించండి. వాటిని గ్రాఫు కాగితం మీదికి ఎక్కించి గళ్ళు లెక్కపెట్టండి. సగానికి మించి ఆక్రమించిన గడిని ఒకటిగా తీసుకోండి, సగంకంటె తక్కువదాన్ని వదిలేయండి. తరువాత అవే రెండింటినీ గోడపటం మీదనుంచి దించి లెక్కపెట్టండి. నాలుగు అంకెలనూ పక్కపక్కన రాస్తే, రెండు పటాలలో ఏది దేన్ని ఎంత సాగదీసిందో మీ నోటుపుస్తకంలోనే తేలుతుంది.

ఆరవ పని: అట్టముక్కల పొందిక

గ్లోబునుంచి దించిన ఏడు ఖండాలను అట్టమీద అంటించి, రంగులు వేసి, అంచుల వెంబడి కత్తిరించండి. పెద్ద ఖండాలను దించేటప్పుడు కాగితం ముడతలు పడుతుంది. ఎందుకో బత్తాయి తొక్క చెప్పింది కదా! వాటిని రెండు మూడు ముక్కలుగా దించి అతికించండి. ప్రతి ముక్కకూ ఒక గుండీ అంటిస్తే చిన్నపిల్లలు సులువుగా పట్టుకుంటారు. ఏ ముక్క ఏ చోటిదో అట్టమీద గీసిన హద్దులే చెబుతాయి. తప్పు పెడితే ముక్క కుదరదు. పెద్దవాళ్ళు "తప్పు" అనవలసిన అవసరమే లేదు. పిల్లలు తమ తప్పును తామే దిద్దుకునేలా ఉండటం మాంటిస్సోరి పరికరాలన్నింటి లక్షణం.

చిన్నవాళ్ళ ఆట అయ్యాక ముక్కలు మీరు తీసుకోండి. గులాబి రంగు దక్షిణ అమెరికాను ఆకుపచ్చ ఆఫ్రికా వైపు జరపండి. బ్రెజిల్ భుజం ఆఫ్రికా పడమటి వంపులో ఒదుగుతుంది! ఇవాళ వీటిమధ్య ఇరుకైన చోట కూడా దాదాపు 3 వేల కిలోమీటర్ల సముద్రం ఉంది. 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెజెనర్ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండి తరువాత విడిపోయాయని ప్రతిపాదించాడు. ఖండాలు ఎలా కదులుతాయో ఆయన సరిగా చెప్పలేకపోయాడు గనుక చాలామంది ఒప్పుకోలేదు. సముద్రపు అడుగును పరిశీలించాక 1960లలో ఆ కదలిక రుజువైంది.

దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా కలిసి ఉన్న ఆ పాత మహాఖండం పేరేమిటో తెలుసా? గోండ్వానా! మన ఆదిలాబాదు అడవులలోనూ, మధ్యభారతంలోనూ నివసించే గోండుల పేరుమీదుగా ఆ ప్రాంతానికి గోండ్వానా అని పేరు వచ్చింది. అక్కడి రాతిపొరలకు మన దేశంలో పనిచేసిన భూవిజ్ఞానులు ఆ పేరే పెట్టారు. ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ స్యూస్ 1885లో దాన్నే పాత దక్షిణ భూభాగానికి వాడాడు. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు దొరికేది ఈ గోండ్వానా పొరలలోనే. 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఆ పొరలలో గ్లాసాప్టెరిస్ అనే మొక్క ఆకుల ముద్రలు కనిపిస్తాయి. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. ఇవే ముద్రలు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూడా ఉన్నాయి.

మరి అంటార్కిటికాలో? 1912లో దక్షిణధ్రువం చేరి తిరిగివస్తూ కెప్టెన్ స్కాట్, ఆయన సహచరులు మంచులో చనిపోయారు. నడవలేని స్థితిలో కూడా వారు సుమారు 16 కిలోల రాళ్ళను బండిమీద లాక్కొచ్చారు. వెదుకుతూ వెళ్ళినవారికి అవి వారి దేహాల దగ్గర దొరికాయి. ఆ రాళ్ళలో గ్లాసాప్టెరిస్ ఆకులున్నాయి. అంటే మంచుఖండంలో ఒకప్పుడు అడవులుండేవి. కొత్తగూడెం నేలకింద ఉన్న ఆకుకూ, అంటార్కిటికా రాతిలోని ఆకుకూ చుట్టరికం ఉంది!

ఇప్పుడు ఆసియా ముక్కనుంచి భారతదేశాన్ని కత్తిరించి విడదీయండి. దాన్ని అంటార్కిటికా పక్కనుంచి మెల్లగా ఉత్తరానికి జరిపి ఆసియాకు గుద్దించండి. సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట జరిగింది ఇదే. ఆ ఒత్తిడికి లేచిన ముడతలే హిమాలయాలు. మన నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూనే ఉంది. ఇంచుమించు మన గోళ్ళు పెరిగే వేగం అది.

చేసి చూడండి

ఈ పనులన్నీ ఒక్కరోజులో ముగించనక్కరలేదు. వారానికొకటి చేయండి. చిన్నవాళ్ళకు పేర్లు, ఆకారాలు చాలు. లెక్కలు, కారణాలు మీకు. వాళ్ళు తడుముతున్నప్పుడు తొందరపెట్టకండి, మధ్యలో చెయ్యి లాక్కోకండి. ఒక్కోసారి మీరు ఊహించని ప్రశ్న అడుగుతారు. జవాబు తెలియకపోతే బంతి దగ్గరికే వెళ్ళి ఇద్దరూ కలిసి వెదకండి.

చివరగా మీకు నాలుగు ప్రశ్నలు. జవాబులు పుస్తకంలో కాక, మీరు చేసిన వస్తువులలో వెదకండి.

1. కన్యాకుమారి నుంచి ఆఫ్రికా దక్షిణపు కొసదాకా నున్నని నీరు తగలకుండా వేలితో వెళ్ళగలరా? ఏ భూసంధిమీదుగా వెళ్ళాలి? అక్కడి కాలువ మన బంతిమీద ఎందుకు కనిపించదు?

2. ఏడు ఖండాలలో భూమధ్యరేఖ ఏయే ఖండాల ప్రధాన భూభాగం మీదుగా పోతుంది? దారం చుట్టి చూడండి.

3. మన బంతిమీద భారతదేశం ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఉండాలి? 1 సెంటీమీటరు 500 కిలోమీటర్లయితే 1 చదరపు సెంటీమీటరు ఎంతవుతుందో మొదట కనుక్కోండి. మీరు ఇసుక అంటించిన భారతదేశం అంతే ఉందా?

4. గ్లోబును ఎటు తిప్పి పట్టుకుంటే ఒక్క చూపులో అన్నింటికంటె ఎక్కువ నీరు, అతి తక్కువ నేల కనిపిస్తుంది? అప్పుడు ఎదురుగా ఉన్న మహాసముద్రం ఏది?